కర్త కనబడని యాత్ర: నయాగరా – సహస్రద్వీప – టొరంటో ప్రాంతవర్ణనలో దర్శనం, భోజనం

వ్యాససంగ్రహం

నయాగరా జలపాతం, సెయింట్ లారెన్స్ నదిలోని సహస్రద్వీపాలు, టొరంటో నగరం కలిసిన ప్రాంతం ఉత్తర అమెరికా వెళ్లే తెలుగువారికి బాగా పరిచయమైన మజిలీ. ఈ ప్రాంతాన్ని గురించిన సాధారణ వర్ణన అక్కడి దృశ్యాన్ని ప్రకృతిసహజంగానూ, అక్కడి భోజనాన్ని స్థలసహజంగానూ చిత్రిస్తుంది. కాని ఆ రెండింటి వెనుకా ఒప్పందాలు, చట్టాలు, వలసలు, కూలిశ్రమ ఉన్నాయి. వాటిని వదిలివేయడంలో ‘కనిపించు’, ‘దొరుకు’ అనే అకర్మక క్రియలు చేసే పని ఏమిటో, వాటి పక్కన ‘చూపించు’, ‘వండు’, ‘వడ్డించు’ అనే క్రియలను నిలిపితే యాత్రారచనకు కలిగే లాభమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ను ఇందుకు తెలుగులోనే లభించే ప్రమాణంగా గ్రహిస్తుంది.

కీలకపదాలు: యాత్రారచన, నయాగరా, సహస్రద్వీపాలు, టొరంటో, భోజనసంస్కృతి, కర్తృలోపం, ఏనుగుల వీరాస్వామయ్య.

1. ఉపోద్ఘాతం

ఈరీ సరస్సు నుంచి బయలుదేరిన నయాగరా నది సుమారు 58 కిలోమీటర్లు ప్రవహించి ఆంటారియో సరస్సులో కలుస్తుంది. దారిలో అది దూకే చోటే నయాగరా జలపాతం. ఆంటారియో సరస్సు వాయవ్య తీరంలో టొరంటో నగరం ఉంది. సరస్సు తూర్పు కొసన, కింగ్‌స్టన్ పట్టణం దగ్గర, సెయింట్ లారెన్స్ నది మొదలవుతుంది. ఆ నది తొలి భాగంలో సుమారు 80 కిలోమీటర్ల మేర పరచుకొన్నవే సహస్రద్వీపాలు. ఒకే నీరు జలపాతంగా, సరస్సుగా, ద్వీపాల నడుమ నదిగా రూపు మారుతున్నందున ఈ మూడింటినీ ఒకే ప్రాంతంగా పరిగణించవచ్చు. అమెరికా, కెనడా దేశాల సరిహద్దు ఈ నీటి మధ్యగుండా సాగుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి పిల్లల దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రులకు నయాగరా దర్శనం దాదాపు తప్పనిసరి మజిలీ. తిరిగి వచ్చాక రాసే యాత్రానుభవాల్లోనూ దానికి చోటు తప్పదు. ఆ వర్ణన చాలావరకు ఒక మూసలో సాగుతుంది. జలపాతం హోరు, తుంపరలు, ఇంద్రధనుస్సు, పడవప్రయాణం, రాత్రి రంగుల వెలుగు, ఆపైన ‘మన భోజనం’ దొరికిన సంతోషమో దొరకని ఇబ్బందో వరుసగా వస్తాయి. పర్యాటక కరపత్రాల మూస కూడా ఇదే. అనుభవం నిజమైనదే అయినా వాక్యం అరువుది అయినప్పుడు రచయిత తాను చూసినదాన్ని తానే కోల్పోతాడు. ఏ ఒక్క గ్రంథాన్నో తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఈ మూస దేన్ని దాచిపెడుతున్నదో, ఎలా దాచిపెడుతున్నదో నిరూపించి, యాత్రారచన విమర్శకు పనికివచ్చే ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించడమే లక్ష్యం.

2. కనిపించు – చూపించు. దొరుకు – వడ్డించు

కర్తను మరుగుపరచడానికి ఇంగ్లీషు వాక్యం ఎక్కువగా కర్మణిప్రయోగాన్ని ఆశ్రయిస్తుంది. తెలుగు వాడుకలో ‘బడు’తో ఏర్పడే కర్మణిప్రయోగం తక్కువ. తెలుగు ఆ పనిని వేరే విధంగా నెరవేరుస్తుంది. ‘జలపాతం కనిపిస్తుంది’, ‘గది దొరుకుతుంది’, ‘భోజనం ఉంటుంది’ వంటి వాక్యాల్లో క్రియ అకర్మకం. వ్యాకరణదృష్టితో చూస్తే జలపాతమే, భోజనమే కర్తలు. పని చేసిన మనిషికి వాక్యంలో చోటే లేదు. చోటు లేనందువల్ల అతడు లేడన్న స్పృహ కూడా పాఠకుడికి కలగదు.

‘చూపించు’, ‘వండు’, ‘వడ్డించు’ అనే క్రియలు ఇలా ఉండవు. ఇవి సకర్మకాలు. ఎవరు చూపించారు, ఎవరు వండారు అనే ప్రశ్నను వెంటబెట్టుకొనే వస్తాయి. కర్తను చెప్పకుండా ‘చూపిస్తారు’ అన్నా, ఎవరో కొందరున్నారన్న సూచన బహువచనంలో మిగులుతుంది. యాత్రారచనలో ఈ రెండు రకాల క్రియల నడుమ ఎంపిక శైలికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. రచయిత దేన్ని తెలుసుకోదలచుకొన్నాడో, దేన్ని అక్కర్లేదనుకొన్నాడో ఆ ఎంపికే చెబుతుంది.

తెలుగు యాత్రారచన ఆరంభంలోనే ఈ ఎరుక ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో పెద్ద పరివారంతో కాశీకి వెళ్లి వచ్చాడు. దారి పొడవునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపిన వివరాలు 1838లో గ్రంథరూపంలో అచ్చయ్యాయి. ఆ రచనలో క్షేత్రవర్ణనకు ఎంత చోటు ఉన్నదో, మజిలీలో నీళ్లబావి ఉన్నదా, అంగళ్లు ఉన్నాయా, ఏ సరుకులు లభిస్తాయి, బస చేయడానికి సత్రమో చావడో ఉన్నదా అనే విషయాలకూ అంత చోటు ఉంది. దొరకడం, దొరకకపోవడం అన్న ప్రస్తావన వీరాస్వామయ్యలోనూ తరచుగా వస్తుంది. అయితే ఆ దొరకడం వెనుక ఉన్న ఏర్పాటును ఆయన విడిచిపెట్టడు. రహదారుల స్థితి, పాలకుల తీరు, ధర్మకర్తలు, వర్తకులు ఆయన దృష్టిని తప్పించుకోరు. నూరుమందికి అన్నం సమకూర్చవలసిన యాత్రికుడికి అన్నం ఎక్కడినుంచి వస్తుందన్నది అలంకారప్రాయమైన ప్రశ్న కాదు. దర్శనమూ భోజనమూ ఆయనకు ఒకే ప్రయాణంలోని రెండు పనులు. రెండింటికీ మనుషులే ఆధారమని ఆయన రచన గుర్తుంచుకొంటుంది. ఈ దృష్టితో నయాగరా ప్రాంతాన్ని చదవడం తరువాతి విభాగాల ప్రయత్నం.

3. జలపాతం: దూకే నీరు, వదిలే నీరు

నయాగరా వర్ణన అతిశయోక్తితోనే మొదలైంది. 1678లో జలపాతాన్ని చూసిన ఫ్రెంచి మతప్రచారకుడు లూయీ హెనెపిన్ 1697లో ప్రచురించిన గ్రంథంలో దాని ఎత్తును 600 అడుగులుగా పేర్కొన్నాడు. హార్స్‌షూ జలపాతం అసలు ఎత్తు సుమారు 57 మీటర్లు, అంటే 190 అడుగుల లోపు. ఆ గ్రంథం చదివిన యూరప్ పాఠకులకు జలపాతం అందింది ఈ మూడింతల ఎత్తులోనే. చూడవలసిన చోటుగా నయాగరా స్థిరపడటంలో కొలతకంటే వర్ణనే ముందు నడిచింది.

పందొమ్మిదో శతాబ్ది మధ్యనాటికి జలపాతం చుట్టూ ఉన్న భూమి చాలావరకు వ్యక్తుల చేతుల్లోకి వెళ్లింది. మంచి దృశ్యం కనిపించే చోట్ల కంచెలు కట్టి, చూడటానికి సొమ్ము వసూలు చేసేవారు. ఒడ్డున మిల్లులు వెలిశాయి. దీనికి ఎదురుగా ఉద్యానశిల్పి ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ తదితరులు నడిపిన ఉద్యమం ఫలితంగా 1885లో న్యూయార్క్ రాష్ట్రం నయాగరా రిజర్వేషన్‌ను ఏర్పరచింది. కెనడా వైపున ఆంటారియో ప్రభుత్వం అదే సంవత్సరం చట్టం చేసింది. క్వీన్ విక్టోరియా పార్కు 1888లో ప్రజలకు తెరుచుకొంది. ఈనాడు యాత్రికుడు ఒడ్డున నిలబడి రుసుము లేకుండా జలపాతాన్ని చూడగలగడం ప్రకృతి ఇచ్చిన వరం కాదు, కంచెలను తీయించిన ప్రజల కృషి. ‘ఒడ్డునుంచి జలపాతం చక్కగా కనిపిస్తుంది’ అనే వాక్యం ఈ చరిత్రనంతా ఒక్క క్రియలో మింగివేస్తుంది.

నీటి విషయం ఇంకా ఆశ్చర్యకరమైనది. నయాగరా నది సగటు ప్రవాహం సెకనుకు సుమారు 2,00,000 ఘనపు అడుగులు. ఇందులో పెద్ద భాగాన్ని జలపాతానికి ఎగువనే మళ్లించి, సొరంగాల ద్వారా రెండు దేశాల జలవిద్యుత్ కేంద్రాలకు పంపుతారు. 1950లో అమెరికా, కెనడాలు చేసుకొన్న ఒప్పందం జలపాతం మీదుగా వదలవలసిన కనీస ప్రవాహాన్ని నిర్ణయించింది. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 8 గంటల నుంచి రాత్రి 10 వరకు, సెప్టెంబర్ 16 నుంచి అక్టోబర్ 31 వరకు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు సెకనుకు 1,00,000 ఘనపు అడుగులకు తగ్గరాదు. మిగిలిన వేళల్లో, చలికాలమంతా, 50,000 చాలు. అంటే యాత్రికులు చూసే వేళకు ఒక ప్రవాహం, చూడని వేళకు అందులో సగం. ఎగువనున్న నియంత్రణకట్ట తలుపులు ఈ లెక్కను నడుపుతాయి. 1969లో అమెరికన్ జలపాతానికి నీటిని పూర్తిగా ఆపి, కొన్ని నెలలపాటు అడుగునున్న రాళ్లను పరీక్షించారు. కూలిన రాళ్లను తొలగిస్తే దృశ్యం మెరుగవుతుందా అన్నది అప్పటి ప్రశ్న. చివరకు రాళ్లను ఉన్నచోటనే ఉంచాలని నిశ్చయించారు. రాత్రి వేళ జలపాతం మీద పడే రంగుల వెలుగు కోసం 1925లోనే ఒక సంఘం ఏర్పడింది.

ఈ వివరాలు తెలిసినంత మాత్రాన జలపాతం బొంకు కాదు. నీటి బరువు, హోరు, తుంపర నిజమైనవే. అయితే అవి ఒక పరిమాణంలో, ఒక వేళకు, ఒక నిర్ణయం ప్రకారం యాత్రికుడి ముందుకు వస్తున్నాయి. ఈ సంగతి తెలిసిన రచయిత ‘ప్రకృతి విశ్వరూపం’ అని రాసే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఆగితే, చూడదగినది మరొకటి కూడా ఉందని తెలుస్తుంది. రెండు దేశాలు దృశ్యాన్నీ విద్యుత్తునూ గంటల లెక్కన పంచుకొన్న తీరే అది.

ఆ పంపకంలో నష్టపోయినవారు ఉన్నారు. అమెరికా వైపు జలవిద్యుత్ ప్రాజెక్టు జలాశయం కోసం టస్కరోరా జాతి రిజర్వేషన్ భూమి కొంత కావలసివచ్చింది. ఆ జాతి న్యాయస్థానానికి వెళ్లింది. 1960లో అమెరికా సుప్రీంకోర్టు వారికి ప్రతికూలంగా తీర్పు చెప్పింది. సుమారు 550 ఎకరాలు జలాశయానికి పోయాయి. రాత్రి వేళ యాత్రికుడికి వెలుగులో మెరిసే జలపాతం ‘కనిపిస్తుంది’. ఆ విద్యుత్తుకు భూమి ఇచ్చుకొన్నవారు వాక్యంలో కనిపించరు.

ఆదివాసుల విషయంలో లోపం మౌనంతో ఆగలేదు, కల్పన దాకా వెళ్లింది. 1846లో మొదలైన ‘మెయిడ్ ఆఫ్ ది మిస్ట్’ పడవ పేరుతో ఒక కథ ప్రచారంలో ఉండేది. ఆదివాసులు ఏటా ఒక కన్యను జలపాతానికి బలి ఇచ్చేవారని ఆ కథ చెప్పేది. హోడెనొషోని జాతులవారు దీన్ని ఖండించారు. వారి నిరసన తరువాత 1996లో పడవ నిర్వాహకులు యాత్రికులకు ఆ కథ చెప్పడం మానివేశారు. స్థలపురాణం పేరుతో వినిపించే ప్రతి కథా ఆ స్థలానికి చెందినవారు చెప్పినది కాదన్న హెచ్చరిక ఇందులో ఉంది. స్థలపురాణాలకు అలవాటుపడిన తెలుగు రచయితకు ఈ హెచ్చరిక మరింత అవసరం.

4. ద్వీపాలు: లంక అనే మాట చెప్పేది

సహస్రద్వీపాలు అనే పేరు పురాణాల్లోని సప్తద్వీపాలను తలపించి గంభీరంగా వినిపిస్తుంది. లెక్కకు అవి 1,864. ఏడాది పొడవునా నీటిపైన ఉండాలి, దానిపై సజీవమైన చెట్టు ఉండాలి అన్నవి ఒక రాతిగుట్టను ద్వీపంగా లెక్కించడానికి పెట్టుకొన్న నియమాలు. సంఖ్య కూడా ప్రకృతిలో దొరికినది కాదు; ఎవరో నియమం పెట్టుకొని లెక్కించినది.

నదిలోని ద్వీపానికి తెలుగులో ‘లంక’ అనే సొంత మాట ఉంది. గోదావరి, కృష్ణా తీరాలవారికి లంక అంటే ఒండ్రు పేరుకొని ఏర్పడిన సాగుభూమి. వరదకు కోసుకుపోయేది, మళ్లీ తేలేది, దానిమీద హక్కుల తగాదాలు పుట్టేది. లంక అనగానే అక్కడ ఎవరు సాగు చేస్తున్నారన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ‘ద్వీపం’ అనగానే రాదు. సెయింట్ లారెన్స్ ద్వీపాలు ఒండ్రుతో ఏర్పడినవి కావు. కెనడియన్ షీల్డును అడిరాండాక్ పర్వతాలతో కలిపే కఠినశిల నీటిపైకి తేలిన శిఖరాలు. కాబట్టి వాటిని లంకలు అనడం భౌగోళికంగా సరికాదు. అయినా లంక అనే మాటతోపాటు వచ్చే ఆ ప్రశ్నను అక్కడికి తీసుకువెళ్లడం విమర్శకు మేలు చేస్తుంది.

పడవప్రయాణంలో అందరూ చూసే బోల్ట్ కోటను ఉదాహరణగా తీసుకోవచ్చు. జార్జ్ బోల్ట్ ప్రష్యా నుంచి చిన్నవయసులోనే వలస వచ్చి, హోటల్ వంటగదిలో పనితో జీవితం ప్రారంభించి, న్యూయార్క్ వాల్డార్ఫ్ – ఆస్టోరియా హోటల్‌ను నడిపిన స్థాయికి ఎదిగాడు. భార్య లూయీజ్ కోసం హార్ట్ ఐలండ్‌పై 1900లో కోట కట్టించడం ప్రారంభించాడు. 1904 జనవరిలో ఆమె మరణించడంతో పని ఆపించాడు. కట్టడం 73 సంవత్సరాలు పాడుబడి, 1977లో థౌజండ్ ఐలండ్స్ బ్రిడ్జ్ అథారిటీ చేతికి వచ్చాక బాగుపడసాగింది. ఈ కథను యాత్రావర్ణన ప్రేమకథగానే, కొందరికి తాజ్‌మహల్‌ను గుర్తుచేసే కథగానే చెబుతుంది. కాని ఇది భోజనశాల చరిత్ర కూడా. వంటగదిలో పనిచేసిన వలస కుర్రవాడు విందులు అమ్మే వ్యాపారంతో ద్వీపాన్ని కొనగలిగిన కథ ఇది. దర్శనమూ భోజనమూ ఇంత దగ్గరగా కలిసిన కట్టడం ఈ ప్రాంతంలో మరొకటి లేదు. ప్రేమకథ మాత్రమే చెప్పినప్పుడు ఈ సంబంధం జారిపోతుంది.

భారతీయ పాఠకుడికి ఈ ద్వీపాలతో మరో సంబంధం ఉంది. 1895 వేసవిలో స్వామి వివేకానంద వెల్స్‌లీ ఐలండ్‌లోని థౌజండ్ ఐలండ్ పార్కులో ఒక శిష్యురాలి ఇంట సుమారు ఏడు వారాలు నివసించి, పన్నెండుమంది దాకా శిష్యులకు బోధించాడు. ఆ ఇంటిని దర్శించినవారి వర్ణనలో ధ్యానం, ఏకాంతం ప్రధానంగా ఉండటం సహజమే. ఆ శిష్యుల్లో ఒకరైన సిస్టర్ క్రిస్టీన్ స్మృతుల్లో వంటగది కూడా ఉంది. బయటివారి అలికిడి లేకుండా ఇంటిపనులను శిష్యులే పంచుకోవాలని మొదట అనుకొన్నారు. అలవాటు లేని పని కావడంతో చిరాకులు పుట్టాయి. అలాంటి వేళ స్వామి తానే వండుతానని పూనుకొనేవాడట. ఆయన వండితే ఇంట్లోని గిన్నెలన్నీ తోమవలసివస్తుందని లాండ్స్‌బెర్గ్ అనే శిష్యుడు హాస్యంగా బెంబేలు పడ్డాడట. చివరకు సాయానికి బయటి మనిషిని పెట్టుకోక తప్పలేదు. వేదాంతబోధ జరిగిన ఇంట్లో గిన్నెలు ఎవరు తోమారన్న సంగతిని క్రిస్టీన్ వదలలేదు. అందువల్ల ఆ బోధ స్థాయి తగ్గలేదు. ఆ ఏడు వారాలు మనుషులు బతికిన రోజులుగా పాఠకుడికి అందాయి. మంచి స్మృతిరచన లక్షణం ఇదే.

5. భోజనం: పుట్టుకకథలు, పొలం పనివారు

పర్యాటకస్థలంలో వంటకం ఒంటరిగా రాదు, పుట్టుకకథతో వస్తుంది. టమాటా, మయొనేజ్ కలిసిన థౌజండ్ ఐలండ్ డ్రెస్సింగ్ ఇందుకు మంచి నిదర్శనం. దీనికి కనీసం రెండు కథలున్నాయి. యాత్రికులను చేపల వేటకు తీసుకువెళ్లే గైడు భార్య, క్లేటన్ పట్టణవాసి సోఫియా లలోండ్ దీన్ని చేసేదని, ఆమె నుంచి ఒక నటికి, ఆ నటి నుంచి బోల్ట్‌కు చేరిందని ఒక కథ. బోల్ట్ పడవలో అతని హోటల్ ఉద్యోగి అప్పటికప్పుడు కలిపాడని మరొక కథ. ఏది సత్యమో తేల్చడం ఇక్కడ ముఖ్యం కాదు. మొదటి కథలో వంటకం ఒక గైడు ఇంటి వంటగది నుంచి వస్తుంది. రెండవదానిలో ధనికుడి పడవ నుంచి వస్తుంది. యాత్రారచయిత రెండవ కథ ఒక్కటే చెబితే వంటకం కర్త మారిపోతుంది.

మొదటి కథకు నేపథ్యమైన ‘షోర్ డిన్నర్’ ఈ ద్వీపాల అసలైన భోజనపద్ధతి. గైడు యాత్రికులతో చేపలు పట్టించి, ఒక ద్వీపపు ఒడ్డున నిప్పు రాజేసి, పందికొవ్వు కరిగించి అందులో చేపలు వేయించి, బంగాళాదుంపలు, మొక్కజొన్న కంకులతో వడ్డించేవాడు. పడవ నడిపినవాడే వంటవాడు, వడ్డించేవాడూ. ఇక్కడ కర్త కళ్లెదుటే ఉన్నాడు. నయాగరాలో 1965 నుంచి ఉన్న స్కైలాన్ టవర్‌లోని తిరిగే భోజనశాలలో దీనికి విరుద్ధమైన అమరిక కనిపిస్తుంది. భోజనం చేసేవాడు కూర్చున్నచోటు తిరుగుతూ ఉంటుంది, కింద జలపాతం కనిపిస్తూ ఉంటుంది, వంటగది మాత్రం కనిపించదు. రెండూ ‘దృశ్యంతో కూడిన భోజనాలే’. ఒకదానిలో దృశ్యం పనితో ముడిపడి ఉంది. రెండవదానిలో దృశ్యం ధరతో ముడిపడి ఉంది.

నదికి అమెరికా వైపున బఫలో నగరం తన పేరుతో లోకానికి ఇచ్చిన కోడిరెక్కల వంటకానిదీ ఇదే తీరు. 1964లో యాంకర్ బార్‌లో తెరెసా బెల్లిస్సిమో దీన్ని మొదటిసారి చేసిందన్నది ప్రసిద్ధ కథ. అదే దశకంలో ఆ నగరంలోనే జాన్ యంగ్ అనే ఆఫ్రికన్ అమెరికన్ వ్యాపారి తన అంగట్లో పులుసు పట్టించిన కోడిరెక్కలు అమ్మేవాడు. ఆ వంటకానికి తానే ఆద్యుడినని అతడు చెప్పుకొన్నాడు. మొదటి కథకు దక్కిన ప్రచారం రెండవదానికి దక్కలేదు. వంటకం రుచిని వర్ణించే రచయితకు ఈ వివాదం అప్రస్తుతం కాదు. ఏ కథ ప్రచారమవుతుందన్నది నగరం ఎవరిని తనవారిగా చూపించుకొంటుందో చెబుతుంది.

భోజనంలో కంటికి కనబడని మరో పొర పొలం. నయాగరా ద్వీపకల్పం పీచ్ పండ్లకు, ద్రాక్షకు పేరొందిన నేల. సరస్సు ప్రభావంవల్ల అక్కడ చలి తీవ్రత కొంత తగ్గుతుంది. అక్కడి ‘ఐస్‌వైన్’ కోసం ద్రాక్షను తీగపైనే గడ్డకట్టనిచ్చి, ఉష్ణోగ్రత మైనస్ 8 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువకు దిగినప్పుడు, తరచుగా రాత్రివేళ, కోస్తారు. కరపత్రంలో ఇది చలికాలపు అద్భుతం. ఆ తోటల్లోనూ పొలాల్లోనూ పనిచేసేవారిలో ఎందరో ‘సీజనల్ అగ్రికల్చరల్ వర్కర్స్ ప్రోగ్రామ్’ కింద వచ్చిన విదేశీ కూలీలు. 1966లో జమైకా కూలీలతో మొదలైన ఈ ఏర్పాటులో 1974లో మెక్సికో చేరింది. ఏడాదికి గరిష్ఠంగా ఎనిమిది నెలలు పని. తరువాత స్వదేశానికి తిరుగుప్రయాణం. ఆ కాలమంతా వారి అనుమతిపత్రం యజమానితో ముడిపడి ఉంటుంది. వలసకూలీల జీవితం తెలిసిన పాలమూరు, శ్రీకాకుళం పాఠకుడికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. కనుక ఈ విషయాన్ని రాయగల అనుకూలత తెలుగు రచయితకు ఎక్కువే ఉంది. అది వినియోగానికి రాకపోవడమే లోటు.

6. నగరం: ‘మన భోజనం’ అనే మాట

టొరంటో పేరు మోహాక్ భాషలోని మాటనుంచి వచ్చిందని, నీటిలో చెట్లు నిలిచిన చోటు అని దాని అర్థమని సాధారణంగా అంగీకరించే వివరణ. సిమ్కో సరస్సు వద్ద చేపలు పట్టడానికి ఆదివాసులు నీటిలో పాతిన కర్రల వరుసలను ఆ మాట సూచించేది. నగరం పేరే ఆహారం సంపాదించుకొన్న ఏర్పాటునుంచి పుట్టింది. ఆ భూమిని మిసిసాగాల నుంచి బ్రిటిష్ ప్రభుత్వం తీసుకొన్న 1787, 1805 నాటి ఒప్పందాల వివాదం 2010లో కెనడా ప్రభుత్వం 14.5 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించడంతో పరిష్కారమైంది. ఫెర్రీలో వెళ్లి చూసే టొరంటో దీవులు కూడా ఒకనాడు తీరానికి అంటుకొన్న ఇసుకదిబ్బ; 1858 తుపానులో తెగి ద్వీపమైంది.

ఈ నగరంలో ‘ప్రపంచపు రుచులన్నీ దొరుకుతాయి’ అనేది కరపత్రాల వాక్యం. 2021 జనగణన ప్రకారం నగరవాసుల్లో దాదాపు సగంమంది విదేశాల్లో పుట్టినవారు. 1967లో కెనడా ప్రవేశపెట్టిన పాయింట్ల పద్ధతి జాతిని బట్టి కాక చదువు, నైపుణ్యాలను బట్టి వలసకు వీలు కల్పించింది. జెరార్డ్ వీధిలోని ఇండియా బజార్ 1972లో నాజ్ థియేటర్ హిందీ సినిమాలు ప్రదర్శించడంతో రూపుదిద్దుకోసాగింది. సినిమాకు వచ్చినవారి కోసం తినుబండారాల అంగళ్లు, ఆపైన చీరల దుకాణాలు వెలిశాయి. ఇక్కడ రుచులు ‘దొరకడం’ వెనుక ఒక చట్టం, ఒక సినిమాహాలు, కొన్ని కుటుంబాల పెట్టుబడి, శ్రమ ఉన్నాయి.

ఇప్పుడు బ్రాంప్టన్, మిసిసాగా పట్టణాల్లో హైదరాబాద్ బిరియానీ, ఆంధ్ర భోజనం పేర్లతో హోటళ్లున్నాయి. అక్కడ తిన్న యాత్రికుడు ‘మన భోజనం దొరికింది’ అని రాస్తాడు. ఆ వాక్యంలోని ‘మన’ ఎవరిని కలుపుకొంటుంది, ఎవరిని విడిచిపెడుతుంది? అటువంటి వంటగదుల్లో, భోజనం ఇంటికి చేర్చే పనుల్లో ఇటీవల వలస వచ్చిన యువతీయువకులు, చదువుకొంటూ గంటల లెక్కన పనిచేసే విద్యార్థులు ఉండటం అందరికీ తెలిసినదే. వారిలో తెలుగువారూ ఉన్నారు. మన రుచిని గుర్తించిన రచన, దాన్ని వండిన మన పిల్లలను గుర్తించకపోతే ఆ ‘మన’ నాలుకకే పరిమితమవుతుంది. దేశం మారినా అన్నం పెట్టినవారిని పేరుపెట్టి తలచుకొనే సంస్కారం తెలుగు యాత్రికుడికి కొత్తది కాదు.

7. సంభావ్య ఆక్షేపణలు

ఈ వాదానికి మూడు ఆక్షేపణలు రావచ్చు. యాత్రారచన ప్రాణం ఆశ్చర్యం. వివరాలు దాన్ని చంపుతాయి అన్నది మొదటిది. అయితే గంటల లెక్కన నదిని పంచుకొన్న ఒప్పందం కూడా ఆశ్చర్యకరమే. వివరం ఆశ్చర్యాన్ని తగ్గించదు, దాని చోటు మారుస్తుంది. అరువు విశేషణాల ఆశ్చర్యం కంటే అది ఎక్కువకాలం నిలుస్తుంది.

రెండు రోజులు తిరిగి వచ్చినవాడికి ఇంత తెలియడం సాధ్యమా అన్నది రెండవ ఆక్షేపణ. అంతా తెలియనక్కరలేదు. పడవ నడిపిన మనిషిని, వడ్డించిన మనిషిని ఒక ప్రశ్న అడగడం సాధ్యమే. వీరాస్వామయ్యకు ఉన్న సాధనం కూడా ప్రశ్నే.

చూపించడమంటే మోసగించడమేనా అన్నది మూడవది. కాదు. 1885 నాటి ఉద్యానచట్టాలు చూపించడానికి చేసినవే. అవి కంచెలను తొలగించి దృశ్యాన్ని అందరిపరం చేశాయి. 2005లో ఆంటారియో చేసిన గ్రీన్‌బెల్ట్ చట్టం నయాగరా పండ్లతోటల నేలను కట్టడాలనుంచి కాపాడే ప్రయత్నమే. కర్తను పేర్కొనడం నిందించడానికి మాత్రమే కాదు, కృతజ్ఞత చెప్పడానికీ అవసరం. కర్త లేని వాక్యంలో ఈ రెండింటికీ తావు ఉండదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. నయాగరా – సహస్రద్వీప – టొరంటో ప్రాంతంలో దృశ్యం, భోజనం రెండూ మానవనిర్ణయాల ఫలితాలు. 1885 చట్టాలు, 1950 ఒప్పందం, 1966, 1967 నాటి వలసవిధానాలు యాత్రికుడి అనుభవాన్ని నేరుగా రూపొందిస్తున్నాయి.

2. యాత్రావర్ణనలో ‘కనిపించు’, ‘దొరుకు’ వంటి అకర్మక క్రియల ఆధిక్యం కర్తృలోపానికి ప్రధానమైన భాషామార్గం. తెలుగు యాత్రారచన విమర్శలో ఈ క్రియల పరిశీలనను ఒక పద్ధతిగా స్వీకరించవచ్చు.

3. స్థలపురాణాలు, వంటకాల పుట్టుకకథలు ఒకటికంటే ఎక్కువ ఉన్నప్పుడు రచయిత ఏ కథను ఎంచుకొన్నాడన్నది విమర్శ పట్టించుకోవలసిన విషయం.

4. ‘లంక’ వంటి దేశిపదాలు, వలసకూలీ జీవితపు ఎరుక, సత్రాల సంప్రదాయం తెలుగు రచయితకు పరదేశాన్ని చదవడానికి సొంత సాధనాలు. వీటిని వినియోగించిన రచన కరపత్రానికి ప్రతిగా కాక, దానికి భిన్నంగా నిలుస్తుంది.

5. దర్శనాన్నీ భోజనాన్నీ విడదీయకుండా, రెండింటికీ ఆధారమైన మనుషులతో కలిపి రాయడం ‘కాశీయాత్ర చరిత్ర’ నుంచే తెలుగులో ఉన్న పద్ధతి. ఉత్తర అమెరికా యాత్రారచనలు ఆ పద్ధతిని అందుకొన్నప్పుడు, అదే నయాగరాను వందోసారి వర్ణించినా పాఠకుడు కొత్తగా చదువుతాడు.